దూరపు ఒడ్డు, దగ్గరి ఒడ్డు: మన పని ఎవరి చేతికి పోతున్నది?

(భిలాయిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు అంశాన్ని నిర్ణయించే సమయంలో కొందరు సభ్యులు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. జీతభత్యాలు, పెన్షను, భర్తీ కాని ఖాళీలు, ఇన్ని సమస్యలు మన ముందుండగా సాఫ్ట్‌వేర్ కంపెనీల గొడవ మన యూనియన్లకు దేనికి? అమెరికా వర్తకుడు తన పనిని హైదరాబాదుకు ఇస్తే మనకేమి, మెక్సికోకు ఇస్తే మనకేమి? ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత మా మీద ఉన్నది.

సగం సమాధానం ఈ ఊరి ఇళ్లలోనే ఉన్నది. 1931లో రాయపూర్–విజయనగరం రైలుమార్గం పూర్తి అయినప్పటి నుండి ఉత్తరాంధ్ర ప్రజలకు ఈ ప్రాంతం పరాయిది కాదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఉక్కు వెంట పని, పని వెంట మనవారు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. తండ్రి కర్మాగారంలోనో, చరోడా యార్డులోనో, తపాలా కార్యాలయంలోనో ఉద్యోగం చేసినాడు. కొడుకో కూతురో నేడు బెంగుళూరులోనో హైదరాబాదులోనో కంప్యూటరు ముందు కూర్చున్నారు. తండ్రి దగ్గర యూనియన్ కార్డు ఉన్నది, బిడ్డ దగ్గర లేదు. తండ్రి ఓవర్‌టైము లెక్క నోటితో చెప్పగలడు. బిడ్డ జీతపు కాగితంలో ఆ గడియే లేదు.

మిగిలిన సగం సమాధానం మన కౌంటర్ల మీద ఉన్నది. టికెట్టు కొట్టే గుమాస్తా గాని, సేవింగ్స్ బ్యాంకు పాసుపుస్తకం తీసుకునే పోస్టల్ అసిస్టెంటు గాని, చేసే ప్రతి పనీ ఒక ప్రోగ్రాము మీద నడుస్తున్నది. ఆ ప్రోగ్రాము ఎవరు వ్రాశారు, ఎవరి ఆస్తి, చెడిపోతే ఎవరు బాగు చేయాలి అన్నవి నేరుగా మన పని పరిస్థితులకు సంబంధించిన ప్రశ్నలు.

ముందుగా మాటల అర్థం

ఒక సంస్థ తాను చేసుకోవలసిన పనిని బయటివారికి గుత్తకు ఇచ్చుటను ఔట్‌సోర్సింగ్ అంటున్నారు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ వ్యవహారంలో దీనికి ‘పొరుగు సేవలు’ అన్న పేరు వచ్చినది. పేరు ముచ్చటగానే ఉన్నది. పొరుగువానికి దక్కవలసిన మర్యాద మాత్రం ఆ ఉద్యోగులకు దక్కలేదు. గుత్త తీసుకున్నవారు సముద్రానికి ఆవల ఉంటే దానిని ఆఫ్‌షోర్ అంటారు, అనగా దూరపు ఒడ్డు. పొరుగు దేశంలో, ఇంచుమించు ఒకే గడియారం నడిచే చోట ఉంటే నియర్‌షోర్, దగ్గరి ఒడ్డు. అమెరికాకు మనము దూరపు ఒడ్డు, మెక్సికో, కోస్టారికా దగ్గరి ఒడ్డు. పశ్చిమ ఐరోపా దేశాలకు పోలెండు, రుమేనియా దగ్గరి ఒడ్డు.

ఈ వ్యాపారం మన దేశంలో ఎట్లు పెరిగినదో క్లుప్తంగా చెప్పుకుందాం. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా సంస్థ బెంగుళూరులో కేంద్రం తెరచి, ఉపగ్రహం ద్వారా పనిని అటూ ఇటూ పంపే ఏర్పాటు చేసుకున్నది. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను నెలకొల్పినది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ వెలిసినది. ఆ దశాబ్దం చివర 2000 సంవత్సరపు చిక్కు వచ్చినది. పాత కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే వ్రాసుకున్నందువలన 1900కు, 2000కు తేడా తెలియని స్థితి ఏర్పడినది. ఆ లక్షల పంక్తులను దిద్దే పనికి మన పిల్లలు బారులు తీరారు. అటు తరువాత బ్యాంకుల లెక్కలు, బీమా కాగితాలు, ఆసుపత్రుల బిల్లులు వచ్చినవి.

ఇందులో సరుకు ఏమిటి? మనిషి గంట. ఇంతమంది ఇన్ని గంటలు పనిచేశారని లెక్క కట్టి కంపెనీ విదేశీ ఖాతాదారుకు బిల్లు పంపే పద్ధతి మీదనే ఈ వ్యాపారం పెరిగినది. బిల్లు డాలర్లలో, జీతం రూపాయలలో. మధ్యనున్న తేడాయే లాభం. కొత్తగా చేరిన ఇంజనీరుకు ఇచ్చే జీతం పెద్ద కంపెనీలలో పది పదిహేను సంవత్సరాలుగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతున్నది. ఈ కాలంలో ఇంటి అద్దె ఎన్ని రెట్లు అయినదో బిడ్డలను బెంగుళూరు పంపిన తండ్రులకు వేరే చెప్పనక్కరలేదు.

బిల్లు వ్రాయటానికి పని లేని రోజున ఆ ఉద్యోగి ‘బెంచీ’ మీద ఉన్నాడంటారు. మనకూ లీవ్ రిజర్వు ఉన్నది, స్పేరు సిబ్బంది ఉన్నారు. లీవ్ రిజర్వు గుమాస్తా రేపటి ఉద్యోగం గురించి భయపడడు. అతడు సంస్థకు అవసరమైన మనిషి అని నిబంధనలే ఒప్పుకుంటున్నవి. బెంచీ మీద కూర్చున్న ఇంజనీరుకు అటువంటి భరోసా లేదు. 2025 జూనులో దేశంలోని అతిపెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ టీసీఎస్, ఉద్యోగి ఏడాదిలో 225 రోజులు బిల్లుకు వచ్చే పనిలో ఉండాలని, బెంచీ మీద 35 రోజులు మించకూడదని నియమం పెట్టినది. పని తెచ్చేది కంపెనీ. పని లేకపోవటం మాత్రం ఉద్యోగి నేరం! మరుసటి నెలలోనే 12 వేల మందికి పైగా తగ్గించుకోనున్నట్లు అదే సంస్థ ప్రకటించినది.

ఒడ్డు మారినా యజమాని ఒకడే

ఇక దగ్గరి ఒడ్డు సంగతి. మెక్సికోవారు వచ్చి మన పిల్లల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారని కొన్ని పత్రికలు వ్రాస్తున్నవి. వాస్తవం చూడండి. టీసీఎస్ 2002లోనే దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో కేంద్రం తెరచినది. 2007లో మెక్సికోలోని గ్వాదలహారాలో మరొకటి తెరచినది. బెంగుళూరులో మన బిడ్డకు జీతం ఇచ్చే కంపెనీ, మాంటెవిడియోలో అక్కడి బిడ్డకు జీతం ఇచ్చే కంపెనీ ఒక్కటే. రాత్రి పని చేయించటానికి ఒక ఒడ్డు, పగటి పనికి ఇంకొక ఒడ్డు, రెండింటి మీదా ఒకే బిల్లు పుస్తకం. ఈ రెండు ఒడ్ల పనివారికి తగవు పెడితే ఎవరికి లాభమో రైల్వే కార్మికునికి విడమరచి చెప్పాలా? ఒక డివిజను సిబ్బందిని మరొక డివిజను సిబ్బందితో పోల్చి పని పెంచటం మనము చూడని విద్య కాదు.

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్–1బీ వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ప్రకటన చేశారు. తెలుగు కుటుంబాలలో ఎంత కలవరం రేగినదో మీకందరికీ తెలుసు. మనిషి ఒడ్డు దాటటానికి అంత ఖరీదు పెట్టినప్పుడు పనినే ఒడ్డు దాటించటం కంపెనీకి చౌక. వీసా తలుపు మూసినవారు పనికి తలుపు మూయలేదు. ఆ పనిలో కొంత హైదరాబాదుకు రావచ్చు, కొంత గ్వాదలహారాకు పోవచ్చు. ఎక్కడికి పోయినా బేరం కుదిర్చేది కంపెనీయే. బేరంలో పనివాని తరపున మాట్లాడేవారు ఎవరూ లేకపోవటమే అసలు సమస్య.

దేశం లోపల కూడా ఇదే కథ సాగుతున్నది. బెంగుళూరుకు భిలాయి దగ్గరి ఒడ్డు. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ కేంద్రం మన ఊరిలోనే ఉన్నది. 2016లో మంజూరైన ఐఐటీకి కుటేలాభాటాలో సొంత ప్రాంగణం ఏర్పడి, 2024 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగినది. నవ రాయపూర్‌లో 2025లో పెద్ద డేటా కేంద్రానికి శంకుస్థాపన చేశారు. పిల్లలకు సొంత ఊరిలో ఉద్యోగం దొరకటం మేలే, మేము దానిని స్వాగతిస్తున్నాము. కాని చిన్న ఊళ్లకు పని తెచ్చేవారు ముందుగా చెప్పే మాట, అక్కడ జీతాలు తక్కువ అని. ఒకే ఖాతాదారుకు, ఒకే ప్రోగ్రాము మీద పనిచేసే ఇద్దరిలో ఒకరు భిలాయిలో ఉన్నందుకు జీతం తగ్గాలట. ఊరు చిన్నదైతే ఆకలి చిన్నదా?

రాత్రి లెక్క

దూరపు ఒడ్డుకు వచ్చే పనిలో ఒక పెద్ద భాగం రాత్రి పని. న్యూయార్కులో శీతకాలంలో ఉదయం 9 గంటలు అయితే మనకు రాత్రి 7.30. అక్కడ కార్యాలయం మూసే సాయంత్రం 5 గంటలకు మనకు తెల్లవారుజాము 3.30. వేసవిలో ఒక గంట తేడా. గ్వాదలహారా, న్యూయార్కుల మధ్య తేడా ఒకటి రెండు గంటలే. దగ్గరి ఒడ్డుకు ఉన్న గిరాకీ రహస్యం ఇదే.

రాత్రి పని అంటే ఏమిటో ఈ సభలో కూర్చున్నవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆర్.ఎం.ఎస్. సార్టరు, స్టేషను మాస్టరు, పాయింట్స్‌మన్, లోకో పైలట్ రాత్రులను జీవితంలో సగం చేసుకున్నవారు. మన రాత్రికి ఒక లెక్క ఉన్నది. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు చేసిన ప్రతి గంటకు 10 నిమిషాల వెయిటేజీ కట్టి రాత్రి డ్యూటీ భత్యం ఇవ్వాలి. 43,600 రూపాయల మూలవేతనం దాటినవారికి అది వర్తించదని 2020లో ఉత్తర్వు వచ్చినప్పుడు యూనియన్లు ఎంత గట్టిగా అభ్యంతరం చెప్పినవో మీకు గుర్తుండే ఉంటుంది. పని గంటల వర్గీకరణకు 1947 నాటి జస్టిస్ రాజాధ్యక్ష అవార్డు ఉన్నది. 1969లో నియమించిన మియాభాయ్ ట్రిబ్యునల్ ఉన్నది. రన్నింగ్ సిబ్బందికి పది గంటల డ్యూటీ కావాలని 1973 ఆగస్టులో జరిగిన సమ్మె ఉన్నది. ఈ నియమాలు పూర్తిగా అమలు కావటం లేదన్నది వేరే ఫిర్యాదు. నియమం ఉన్నది కనుకనే ఫిర్యాదు చేయగలుగుతున్నాము.

సాఫ్ట్‌వేరు పిల్లవానికి రాత్రి పనిచేస్తే కంపెనీ దయతలచి ఇచ్చే షిఫ్టు భత్యమే గతి. పగటి పని ముగిసిన తరువాత రాత్రి 11 గంటలకు విదేశీ ఖాతాదారుతో మాట్లాడవలసి వస్తే అది ఏ లెక్కలోనూ చేరదు. తెలుగు రాష్ట్రాలలో దుకాణాలు, సంస్థల చట్టంలోని పలు నిబంధనల నుండి ఐటీ సంస్థలకు ఏళ్ల తరబడి మినహాయింపులు ఇస్తూ వచ్చారు. కర్ణాటకలో స్టాండింగ్ ఆర్డర్ల చట్టం నుండి కూడా ఇచ్చారు. 2024లో అక్కడ రోజుకు 14 గంటల వరకు పని చేయించుకునే వీలు కల్పించే ప్రతిపాదన వచ్చినప్పుడు ఐటీ ఉద్యోగుల సంఘం వీధికెక్కి ఎదిరించినది. ఆ సంఘం పుట్టినది 2017లోనే. మన అనుభవంతో పోల్చితే పసిబిడ్డ. అయినా పలికినది.

గేటు దగ్గర పాఠం

పనిని బయటికి ఇచ్చే విద్య కంప్యూటరుతో పుట్టలేదు. మన తపాలా శాఖలో తరతరాలుగా ‘అదనపు శాఖా ఏజెంటు’ అనే వింత ఉద్యోగి ఉండేవాడు. సంచి మోసేది శాఖదే, స్టాంపులు శాఖవే, మనిషి మాత్రం శాఖవాడు కాడు! 1977లో సుప్రీం కోర్టు రాజమ్మ కేసులో వారివి సివిల్ పోస్టులేనని తీర్పు చెప్పినది. నేటి గ్రామీణ డాక్ సేవకులు అప్పటి ఏజెంట్లే. చేతికి యంత్రం వచ్చినది, పేరు మారినది, పూర్తి ఉద్యోగి హోదా ఇంకా రాలేదు.

ఉక్కులో చూడండి. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చినది. శాశ్వత స్వభావం గల పనులలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ప్రభుత్వానికి దానివలన దక్కినది. నిషేధిస్తే ఆ కార్మికులు ఎవరి ఉద్యోగులు అవుతారు? 1996 చివర ఎయిర్ ఇండియా కేసులో సుప్రీం కోర్టు, వారు నేరుగా ప్రధాన యజమాని ఉద్యోగులు అవుతారని చెప్పినది. ఐదేళ్లు గడవక ముందే, 2001 ఆగస్టు 30న, అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చినది. ఆ కేసులో ఒక పక్షం స్టీల్ అథారిటీ, అనగా భిలాయి కర్మాగారం ఏ సంస్థకు చెందినదో ఆ సంస్థయే. ఒప్పందం కేవలం కంటితుడుపు అని కార్మికుడు పారిశ్రామిక ట్రిబ్యునల్ ముందు రుజువు చేసుకోవాలి. రుజువు కాకపోతే నిషేధం వచ్చినా ఉద్యోగం రాదు. ఆ దశాబ్ది ఆరంభంలో స్టీల్ అథారిటీలో లక్షా ముప్పై వేలకు పైగా ఉన్న శాశ్వత ఉద్యోగులు 2024 నాటికి అరవై వేల లోపుకు పడిపోయారు. ఉక్కు మాత్రం తగ్గలేదు.

సాఫ్ట్‌వేరు ఇంజనీరు స్థితి ఇంతకంటే భిన్నమా? పని చెప్పేది విదేశీ బ్యాంకు, తప్పు పట్టేది ఆ బ్యాంకు, ‘ఈ మనిషి మాకు వద్దు’ అని ఒక్క ఉత్తరంతో తీసివేయించేది ఆ బ్యాంకు. జీతం ఇచ్చేది, జవాబు చెప్పవలసినది ఇంకొకరు. మెడలో పట్టీ, చల్లటి గది, కారులో రాకపోకలు చూసి ఇది వేరే జాతి ఉద్యోగమని మనము అనుకుంటున్నాము. దూరపు కొండలు నునుపు.

ఇక్కడ దల్లీ రాజహరా గనుల మాట చెప్పకుండా ముందుకు పోలేము. దుర్గ్ నుండి రైలు మీద పోతే వచ్చే ఆ గనుల ఇనుప ఖనిజమే భిలాయి ఫర్నేసులకు ఆహారం. అక్కడ వేలాది కాంట్రాక్టు కార్మికులు చేతులతో ఖనిజం త్రవ్వి ఎత్తేవారు. 1977లో శంకర్ గుహ నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ ఏర్పడినది. ఆ సంవత్సరం జూను 2, 3 తేదీలలో జరిగిన పోలీసు కాల్పులలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. తరువాత యాజమాన్యం పూర్తి యాంత్రీకరణ ప్రతిపాదన తెచ్చినప్పుడు ఆ సంఘం చేసిన పని ప్రత్యేకంగా గమనించదగినది. యంత్రం వద్దని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ఏ దశలో యంత్రం ఉండాలి, ఏ దశలో మనిషి ఉండాలి, దేనికి ఎంత ఖర్చు అవుతుంది అని లెక్కలు కట్టి, సగం యాంత్రీకరణ అనే తమ సొంత సాంకేతిక పథకాన్ని బల్ల మీద పెట్టారు. చదువు రాదని యాజమాన్యం అనుకున్న గని కార్మికులు ఇంజనీర్లతో ఇంజనీరింగు మీదనే వాదించారు. చాలాకాలం ఆ పద్ధతి నిలిచినది కూడా. నియోగిని 1991 సెప్టెంబరు 28న ఈ భిలాయిలోనే హత్య చేశారు. ఆ సంఘం రాజకీయాలతో ఏకీభవించనివారు ఈ సభలో ఉండవచ్చు. కొత్త యంత్రం వచ్చినప్పుడు దాని లోపలి సంగతి తెలుసుకుని మాట్లాడాలన్న పద్ధతి మాత్రం మనందరిదీ కావాలి.

తాళం చెవి ఎవరి దగ్గర?

భిలాయి కర్మాగారం మొదటి నమూనాలు సోవియట్ ఇంజనీర్లవి. కాని అంతటితో ఆగిపోలేదు. 1959లో రాంచీలో డిజైను విభాగం పుట్టినది. 1973లో అదే మెకాన్ సంస్థ అయినది. నేర్పినవారు వెళ్లిపోయేలోగా నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నది కనుకనే భిలాయి రైలు పట్టాలు దశాబ్దాల తరబడి దేశమంతటా పరచుకున్నవి. నేడు 130 మీటర్ల పొడవున ఒకే ముక్కగా పట్టా తీసి, రెండు కలిపి 260 మీటర్లుగా పంపుతున్నారు. అతుకులు తగ్గితే తన ప్రాణానికి ఎంత ఊరటో ట్రాక్‌మన్‌ను అడగండి. విద్యను అద్దెకు తెచ్చుకొనుట, విద్యను సంపాదించుకొనుట అనే రెండింటికీ ఉన్న తేడా ఇది.

రైల్వే రిజర్వేషను కథ కూడా అటువంటిదే. 1978లో ఐబీఎం దేశం విడిచిపోయినప్పుడు ఆ యంత్రాల నిర్వహణను ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ చేపట్టినది. 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలైన ఇంప్రెస్ అనే రిజర్వేషను ప్రోగ్రాము వ్రాసినది కూడా వారే. 1986లో రైల్వేలు క్రిస్ అనే సొంత కేంద్రాన్ని నెలకొల్పుకున్నవి. దేశంలో ఏ కౌంటరు నుండి అయినా ఎక్కడికైనా టికెట్టు ఇవ్వగలిగే కాన్సర్ట్ పద్ధతి 1994లో మొదట అమలు అయినది మన సికింద్రాబాదులో. 1999 నాటికి అయిదు కేంద్రాలూ కలిసిపోయినవి. అంత పెద్ద పని ప్రభుత్వరంగం చేతుల మీదనే నడిచినది. ఆ విద్యకు పునాది వేసిన సీఎంసీలో 51 శాతం వాటాను 2001లో ప్రభుత్వం 152 కోట్ల రూపాయలకు టాటా సంస్థలకు అమ్మివేసినది. 2015లో అది టీసీఎస్‌లో కలిసి పేరు కూడా లేకుండా పోయినది. 152 కోట్లు! దేశమంతటి రిజర్వేషను విద్యను మోసిన సంస్థకు కట్టిన వెల అది.

తపాలా మిత్రులకు ‘మేఘదూత్’ పేరు చెబితే చిరునవ్వు వస్తుందని మాకు తెలుసు. దానిని తయారు చేసినది మైసూరులోని మన శాఖ కేంద్రం. కౌంటరు పని తెలిసిన మన శాఖ ఉద్యోగులే కూర్చుని వ్రాసిన ప్రోగ్రాము అది. లోపాలు ఉండేవి. కాని ఫోను చేస్తే అవతల మాట్లాడేవానికి డైలీ అకౌంటు అంటే ఏమిటో తెలిసేది. 2012లో 4,909 కోట్ల రూపాయలతో ఆధునికీకరణ పథకం వచ్చినది. బ్యాంకింగు, బీమా పని ఇన్ఫోసిస్‌కు, కౌంటరు పని, లెక్కలు టీసీఎస్‌కు అప్పగించారు. మేఘదూత్ వెళ్లిపోయినది. ఆ తరువాతి సంవత్సరాలలో శాఖ ఉద్యోగి తన పనిలో తానే అతిథి అయినాడు. ఒక చిన్న మార్పు కావాలన్నా ఒప్పంద పత్రంలో ఉన్నదా లేదా అని చూడవలసి వచ్చేది. సర్వరు నిలిచిపోతే వరుసలో నిలబడ్డ పెన్షనరు కోపం ఏ కంపెనీ మీదకూ పోదు. అద్దానికి ఇవతల కూర్చున్న మన మీదకే వస్తుంది.

ఇప్పుడు చక్రం తిరిగినది. సుమారు 5,800 కోట్ల రూపాయల రెండవ పథకం క్రింద మైసూరు కేంద్రమే కొత్త ప్రోగ్రామును తయారు చేసినది. 2025 ఆగస్టు నాటికి లక్షా అరవై వేలకు పైబడిన తపాలా కార్యాలయాలకు దానిని చేర్చారు. శాఖ ఉద్యోగులు ఇంత పని చేయగలరని రుజువైనది. పదమూడేళ్ల క్రితమే వారిని నమ్మి ఉంటే ఎంత బాగుండేదో! అయితే ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలక మానవు. మార్పిడి రోజున లావాదేవీలు నిలిపివేశారు. కొత్త తెరలు చేతికి అలవాటు అయ్యేలోగానే వరుసలు పెరిగినవి. శిక్షణకు కేటాయించిన కాలం, సాయంత్రం ఆలస్యమైన గంటలు, అలవాటు లేక దొర్లిన పొరపాట్లకు వచ్చిన సంజాయిషీ నోటీసులు, వీటన్నిటినీ మనము వ్రాసి పెట్టవలసియున్నది. ప్రోగ్రాము మన శాఖది అయినంత మాత్రాన పనిభారం తగ్గదు. అడిగే చోటు మాత్రం మన శాఖలోనే ఉన్నది. అది చిన్న లాభం కాదు.

చట్టం ఏమంటున్నది?

సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు యూనియన్ పెట్టుకునే హక్కు లేదన్న అపోహ ఇంకా పోలేదు. 2016లోనే తమిళనాడు ప్రభుత్వం వారికి ఆ హక్కు ఉన్నదని స్పష్టం చేసినది. 2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినవి. వాటిపై మన ఆక్షేపణలు మనకున్నవి. లే ఆఫ్, తొలగింపులకు ముందుగా ప్రభుత్వ అనుమతి కోరవలసిన పరిమితిని 100 మంది నుండి 300 మందికి పెంచటం, నిర్ణీత కాల ఉద్యోగానికి తలుపులు బార్లా తెరవటం వాటిలో ముఖ్యమైనవి. అయినా ఒక విషయం గమనించండి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సాంకేతిక పని చేసేవాడు కార్మికుడే. 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే పర్యవేక్షకులను, మేనేజర్ పని చేసేవారిని మాత్రమే మినహాయించారు. కంపెనీలు ఇరవై నాలుగేళ్ల పిల్లలకు కూడా ‘లీడ్’, ‘మేనేజర్’ అని బిరుదులు తగిలించటంలో గల లోగుట్టు ఇక్కడ ఉన్నది. క్రింద ఒక్క మనిషి లేని మేనేజరు! చట్టం ముందు నిలిచేది బిరుదు కాదు, చేసే పని. ఈ సంగతి వారికి ఎవరు చెప్పాలి? ఇంట్లో ఉన్న యూనియన్ సభ్యుడు చెప్పాలి.

కావున శాఖలకు మా కోరిక ఇది. ప్రతి కార్యాలయంలో, స్టేషనులో ఏయే ప్రోగ్రాముల మీద పని జరుగుతున్నదో వ్రాసుకోండి. చెడిపోయిన రోజు, ఫిర్యాదు చేసిన వేళ, బాగుపడిన వేళ ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. కాంట్రాక్టరు జీతం మీద మీ గదిలోనే కూర్చుని పనిచేసేవారు ఎందరో, ఎన్ని ఏళ్లుగా ఉన్నారో తెలుసుకుని, వారితో మాట్లాడి వివరాలు తీసుకోండి. వారు మన సభ్యులు కారని ప్రక్కకు తప్పుకోవద్దు.

రెండవది ఇంటి పని. సెలవులకు వచ్చిన కొడుకునో కూతురునో నియామక పత్రం తెచ్చి చూపమని అడగండి. నోటీసు కాలం ఎంత, బాండు ఉన్నదా, పని గంటలు వ్రాశారా, బెంచీ గురించి ఏమన్నారు, తొలగించేటప్పుడు కారణం చెప్పాలని ఉన్నదా అన్నవి మన సర్వీసు నిబంధనలు చదివే శ్రద్ధతోనే చదవండి. ఆ పత్రాల నకళ్లను శాఖా కార్యదర్శులు సేకరించి కేంద్ర కార్యాలయానికి పంపవలెను. కంపెనీ పేరు, ఉద్యోగి పేరు కొట్టివేసి పంపినా చాలును, షరతులు కనబడితే సరిపోతుంది.